పేరు రాయలేదు

22 మార్చి 2004, సోమవారం

నిన్నటి ఉగాది పచ్చడి ఇంకా నోట్లో చేదుగానే ఉంది. వేపపువ్వు ఎందుకంత వేశావని అడిగితే, మీ నాలుకకు ఆ మాత్రం పడాలె అంది సుకన్య.

పొద్దున కిందికి దిగేసరికి గేటు పక్కన వేపచెట్టు మొదలంతా పసుపు మరకలు, ఎండిన వేపమండలు, విస్తరాకులో బెల్లం కలిపిన అన్నం ముద్ద, దాని నిండా చీమలు. మొన్న అమావాస్యనాడు పెట్టిందట, మూడో అంతస్తులో అద్దెకుండే లోవరాజు వాళ్లమ్మ అచ్చియమ్మ. కొత్త అమావాస్యకు వాళ్ల అనకాపల్లి వైపు నూకాలమ్మకు అలా పసుపునీళ్లు పోసి మొక్కుకుంటారట. కోడలు దేవికి ఏడో నెల. ఆ పిల్లకు తల్లి లేదు. అందుకే పురుడు పొయ్యడానికి అత్తగారే ఊరి నుంచి వచ్చింది. ఇదంతా వాచ్‌మన్ పర్వతాలు చెప్పాడు. చెప్పి, "ఊడ్వాల్నా సార్, గట్లనే ఉండనియ్యాల్నా" అన్నాడు. అమ్మవారిది ఊడిస్తే ఏమవుతుందోనని వాడి భయం. చీమలు సెల్లార్‌లోకి వస్తున్నాయని నా బాధ.

బ్యాంకులో వీఆరెస్ తీసుకున్న పాపానికి ఈ అసోసియేషన్ సెక్రటరీగిరీ నా మెడకు చుట్టుకుంది. ఉన్నవాళ్లంతా సాఫ్ట్‌వేర్ వాళ్లు. పొద్దున క్యాబ్ ఎక్కితే మళ్లీ కనబడరు. మీటింగుకు రమ్మంటే రారు. కానీ నా నోటీసులు మాత్రం నిలబడి చదువుతారు. లిఫ్టులో ఉమ్మేవాళ్ల మీద పోయినేడు రాసినదాన్ని ఎవరో ఆఫీసులో అందరికీ ఈమెయిల్ కూడా చేశారట. ఇవాళ ఇది పెట్టాను:

"వేపచెట్టు కింద అమావాస్య కార్యక్రమాలు జరుపుతున్న వారికి విజ్ఞప్తి. ఈ అపార్ట్‌మెంటులో చేతబడి చేయదలచినవారు ముందుగా అసోసియేషన్ అనుమతి తీసుకోవలెను. చీమలకు పార్కింగ్ లేదు. ఇట్లు, సెక్రటరీ."

పేరు రాయలేదు.

24 మార్చి

బాగా పేలింది. మొదటి అంతస్తు మధుసూదన్ మెట్ల దగ్గర ఆపి, "అంకుల్, చీమలకు పార్కింగ్ అదిరింది" అని చేయి కలిపాడు. లిఫ్టులో ఇద్దరమ్మాయిలు నన్ను చూసి నవ్వాపుకున్నారు. సుకన్య ఒక్కతే నవ్వలేదు.

"పెద్దమనిషిని పట్టుకొని గట్ల రాస్తరా" అంది.

"పేరు రాశానా?"

"ఉన్నది ఒక్కతే గద చెట్టుకింద నీళ్లు పోసింది. పేరెందుకు ఇంక."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాళ్లకు నేనేం చేయను.

సాయంత్రం అచ్చియమ్మ ఎప్పటిలాగే నోటీసు బోర్డు కింద బెంచీ మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నలుగురు పిల్లలు ఆమె చుట్టూ. మధుసూదన్ కొడుకు ఒళ్లోనే ఎక్కి కూర్చున్నాడు. వాడికి మూడేళ్లు. అచ్చియమ్మ నన్ను చూసి, "ఏటి రాసినారు బాబూ, అందరూ సదువుకుని నవ్వుకుంటన్నారు" అంది. ఆమెకు చదువు రాదు.

"నీళ్ల గురించమ్మా" అన్నాను.

"నీల్లు దొరకని ఊరు నాయనా ఇది" అని ఆమె కూడా నవ్వింది.

2 ఏప్రిల్

పర్వతాలు మళ్లీ సంపు పాట. మూత పక్క సిమెంటు పగిలిందట, పక్కనే డ్రైనేజీ, "నీళ్లు వాసనొస్తున్నయ్ సార్" అంటాడు. సంపు కడిగించాలంటే ఉన్న నీళ్లన్నీ వదిలేయాలి. ఈ ఎండల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంటే నీళ్లు వదిలేశానని జనం నన్ను నమిలి మింగుతారు. వానలు పడనీ.

11 ఏప్రిల్, ఆదివారం

మధుసూదన్ కొడుక్కి బాగాలేదు. నాలుగు రోజులుగా జ్వరం, వాంతులు, ఇవాళ పొద్దున కళ్లు పచ్చగా ఉన్నాయని ఆస్పత్రిలో చేర్చారు. కామెర్లు.

మోండా మార్కెట్ నుంచి వచ్చేసరికి సెల్లార్‌లో ఆడవాళ్లు గుంపుగా ఉన్నారు. నన్ను చూసి దారిచ్చారు. ఒకామె గొంతు తగ్గించి, "ఆమె పసుపునీళ్లు పోసింది, పిల్లగాని కండ్లు పసుపెక్కినయ్. ఊకెనే అయితదా" అంది. ఇంకొకామె, "వాడు ఎప్పుడూ ఆవిడ ఒళ్లోనేగా" అంది. ఇంజనీరింగ్ చదివిన మనుషులు.

నవ్వబోయాను. అప్పుడా మొదటామె, "మీరు ముందుగాలనే పసిగట్టిండ్రు సార్. బోర్డు మీద సుత రాసిండ్రు. మేమే జోక్ అనుకున్నం" అంది.

జోకే అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పిల్లాడు ఆస్పత్రిలో ఉన్నప్పుడు జోకు అనడం బాగుండదనిపించింది. "చూద్దాం" అని లిఫ్టెక్కాను.

12 ఏప్రిల్

నోటీసు తీసేశాను. ఇక అయిపోయినట్టే.

16 ఏప్రిల్

అయిపోలేదు. బెంచీ ఖాళీ. పిల్లల్ని ఆడుకోవడానికి పంపేవాళ్లు కూడా అటు పోవద్దని చెప్పి పంపుతున్నారు. పర్వతాలు భార్య లోవరాజు ఇంట్లో అంట్లు తోమడం మానేసింది. పిలిచి అడిగాను. తల గోక్కున్నాడు.

"నేను చెప్పిన సార్. అది వినదు. సెక్రటరీ సారే రాసిండు గద, సదువుకున్న సారు ఉత్తగ రాస్తడా అంటాంది."

"అది తమాషాకి రాశాను పర్వతాలూ."

"నాకెర్కనే సార్. జెర మీరే వచ్చి దానికి చెప్పరాదు."

వాచ్‌మన్ భార్యకు వెళ్లి సంజాయిషీ ఇవ్వాలా ఇప్పుడు నేను.

నవ్వు నాలుగు విధాల చేటని మా నాయన అంటుండేవాడు. ఆ నాలుగూ ఏమిటో ఎప్పుడూ చెప్పలేదు.

18 ఏప్రిల్, ఆదివారం

లోవరాజు వచ్చాడు. సోఫా అంచు మీద కూర్చున్నాడు. సుకన్య టీ ఇస్తే తాగకుండా చేతిలో పట్టుకునే ఉన్నాడు. చూడబోతే ముప్పై కూడా ఉండవు. గట్టిగా మాట్లాడితే నేనూ గట్టిగా మాట్లాడేవాణ్ణి. మాట్లాడలేదు.

"మా అమ్మకి అక్షరం ముక్క రాదండి. ఆ బోర్డు కిందే కూచునేది ఇన్నాళ్లూ. మొన్న మెట్ల మీద పిల్లలు చేతబడి మామ్మ అని అరిసేరండి. ఎందుకలాగంటన్నారని నన్నడిగితే సెప్పక తప్పింది కాదు. రెండు పూటలు అన్నం ముట్టలేదండి."

"నోటీసు తీసేశాను కదా బాబూ."

"తీసేసేరండి." కప్పును అరచేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. "అది నీళ్ల గురించి అని మీరు సెప్పేరటండి. ఆ బాబు నాతో అబద్ధం ఎందుకు సెప్పేడ్రా అని అడుగుతోందండి."

పసుపునీళ్లు కూడా నీళ్లేగా. అది అనలేదు, అనుకున్నానంతే.

"ఇంకోటి రాయండి సార్. అది తమాషాకి రాసేనని, మా అమ్మ ఏ పాపం ఎరగదని ఒక్క ముక్క. మీ మాటైతే వింటారు."

ఆలోచిస్తానన్నాను. వాడు వెళ్లాక సుకన్య కప్పు తీసింది. మీగడ కట్టి ఉంది. "ఆలోచించేదేముంది" అంది. రాస్తే నా పరువేంకావాలి. సెక్రటరీ బోర్డు మీద పిచ్చిరాతలు రాస్తాడని నేనే ఒప్పుకున్నట్టు కాదా. కొన్నాళ్లుపోతే వాళ్లే మర్చిపోతారు. జనం దేన్నైనా మర్చిపోతారు.

20 ఏప్రిల్

పిల్లాణ్ణి చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లాను. తేరుకుంటున్నాడు. బత్తాయి పళ్లిచ్చి బయటికొస్తుంటే వరండాలో డాక్టరు, నేను తాతననుకుని కాబోలు, ఆపాడు.

"ఈ కామెర్లు నీళ్లవల్లే వస్తయండి. వాళ్లింట్ల ఫిల్టరు ఖరాబై నెలయిందంట. మీ బిల్డింగ్‌ల సంపు ఎప్పుడు కడిగించిండ్రు?"

"ఈమధ్యే" అన్నాను.

పోయిన దసరా కూడా ఒక లెక్కన ఈమధ్యే.

21 ఏప్రిల్

సంపు కడిగించాను. అడిగినవాళ్లకు ఎండాకాలం కదా అని చెప్పాను. పగులులోంచి డ్రైనేజీ నీళ్లు సన్నగా లోపలికి కారుతున్నాయి. పర్వతాలు లోపలికి దిగి చూసి, పైకి వచ్చి, నావైపు చూశాడు. సిమెంటు వేయించాను.

సంపు సంగతి వేరు. ఆ సంగతి వేరు. రెండూ కలపకూడదు.

25 ఏప్రిల్, ఆదివారం

మీటింగు. ఎన్నడూ రానివాళ్లు కూడా వచ్చారు, సెల్లార్‌లో కుర్చీలు చాలలేదు. లోవరాజు, దేవి చివరి వరసలో కూర్చున్నారు. నిండు మనిషి, ఆ ప్లాస్టిక్ కుర్చీలో సరిగ్గా కూర్చోలేక అటూ ఇటూ కదులుతోంది. అచ్చియమ్మ రాలేదు.

మధుసూదన్ లేచాడు. "నేను ఇవన్నీ నమ్మను అంకుల్. కానీ మా మిసెస్‌కి నిద్ర పడ్తలేదు. రేపు బాబు ఇంటికొస్తడు. ఆమె ఉన్న బిల్డింగ్‌కి తీస్కరానంటుంది. నేనేం చెయ్యాలె చెప్పండి." పాపం, వాడి తప్పు లేదు.

నిప్పు లేనిదే పొగ రాదు అన్నారు ఒకరు. ఈ ఆంధ్రోళ్ల మొక్కులు మనకు తెల్వవు అన్నారు మరొకరు. వెంటనే కాకినాడ నుంచి వచ్చినాయన ఒకడు లేచి, ఆంధ్రావాళ్లందరినీ కలపొద్దు, మా వైపు ఇలాంటివి లేవు అన్నాడు. అందరూ తలా ఒక రాయి. ఎవరూ అరవలేదు. అందరూ మర్యాదగానే మాట్లాడారు.

లోవరాజు నిలబడ్డాడు. "అది మొక్కండి. నా భార్య సుఖంగా పురుడోసుకోవాలని మా అమ్మ మొక్కుకుంది. అంతేనండి." తర్వాత నావైపు తిరిగాడు. "సార్‌కి తెలుసు."

అందరూ నావైపు చూశారు. నాకు తెలుసు. నోటీసు సంగతి తెలుసు, డాక్టరు అన్నది తెలుసు, సంపులో ఏముందో తెలుసు. గోడకు ఆనుకుని పర్వతాలు కూడా నన్నే చూస్తున్నాడు. నేను లేచి కళ్లద్దాలు తుడుచుకుని, "అసోసియేషన్ ఎవరి పక్షమూ వహించదు, మెజారిటీ సభ్యుల అభిప్రాయాన్ని ఫ్లాటు ఓనరుకు తెలియజేస్తాం" అన్నాను.

ఆ వాక్యం నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో. ముప్పై ఏళ్ల బ్యాంకు ఉద్యోగం ఊరికే పోలేదు.

దేవి కుర్చీ పట్టుకుని లేచింది. "పదండి ఎళ్లిపోదాం" అంది మొగుడితో. నావైపు చూడను కూడా లేదు.

26 ఏప్రిల్

ఏమీ రాయాలని లేదు.

27 ఏప్రిల్

పేరు రాయలేదు నేను.

1 మే, శనివారం

వెళ్లిపోయారు. కాప్రాలో ఎవరో స్నేహితుడి ఇంట్లో కింది పోర్షన్ దొరికిందట. సామాను బండి వచ్చింది. సాయం చేసేవాళ్లు లేరు. పర్వతాలు ఒక్కడే బీరువాకు చేయి వేశాడు. వాడి భార్య గదిలోంచి బయటికి రాలేదు.

అచ్చియమ్మ లిఫ్టెక్కలేదు, మెట్ల మీదుగా దిగింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, ఎవరికీ తగలకుండా గోడవారగా. గేటు దగ్గర మధుసూదన్ కొడుకు వాళ్లమ్మ చంకలో ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. "మామ్మా" అని ఆమె మీదికి వంగాడు. తల్లి వెనక్కి లాగకముందే అచ్చియమ్మే రెండడుగులు వెనక్కి వేసింది.

నేను బాల్కనీలో ఉన్నాను. దిగి వెళ్లాల్సింది. మోకాళ్ల నొప్పి.

16 మే, ఆదివారం

పన్నెండో తారీఖున దేవికి ఆడపిల్ల పుట్టిందట. సుకన్య ఇవాళ ఒక్కతే వెళ్లి చూసొచ్చింది. వచ్చి చెప్పులు విడిచి అక్కడే కూలబడింది.

"ఆమె మనుమరాలిని ముట్టుకుంటలేదు. నీళ్లు కాస్తది, బట్టలు పిండుతది, పత్యం వండుతది. పిల్లనైతే ఎత్తుకుంటలేదు. లోవరాజే దవాఖాన్ల నర్సును అడిగి స్నానం పోసుడు నేర్సుకున్నడంట. పురుడు పోస్తనని వచ్చిన మనిషి."

నేను పేపరు చూస్తున్నాను.

"ఎందుకమ్మా అంటే ఏమన్నదో ఎర్కనా? ఇంతమంది అంటన్నారంటే నాకు తెలీకుండా నా సేతిలో ఏటైనా ఉందేమోనమ్మా అన్నది."

అప్పుడు చెప్పాను సుకన్యకు. డాక్టరు సంగతి, సంపు సంగతి. ఇన్నాళ్లూ ఈ డైరీకి తప్ప ఎవరికీ చెప్పనిది. తిడుతుందనుకున్నాను. ముప్పై రెండేళ్ల కాపురంలో ఎన్నిసార్లు తిట్టింది. ఇవాళ తిట్టలేదు. లేచి వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. అన్నం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు.

17 మే

నోటీసు రాశాను. నాలుగుసార్లు చింపి ఐదోసారి. ఇందులో చమత్కారం లేదు. మార్చిలో పెట్టింది నేను ఎగతాళికి రాసిందని, బాబుకు కామెర్లు రావడానికి మన సంపులో కలిసిన డ్రైనేజీ నీళ్లే కారణమని, కడిగించడం ఆలస్యం చేసింది నేనేనని, అచ్చియమ్మగారికి క్షమాపణ చెప్పుకుంటున్నానని. ఈసారి పేరు రాశాను. ఆమెదీ, నాదీ. సెక్రటరీ పదవికి రాజీనామా అని కింద ఒక ముక్క.

ముందుగా మధుసూదన్ ఇంటికి వెళ్లి వాడికే చెప్పాను. వాడు కొడతాడనే అనుకున్నాను, కొట్టినా బాగుండేది. చాలాసేపు నా మొహం చూసి, "పోనీయండి అంకుల్. వాళ్లు వెళ్లిపోయిండ్రు గద. ఇప్పుడెందుకు ఇవన్నీ" అన్నాడు.

19 మే

నోటీసును నిలబడి చదివేవాళ్లు లేరు. రెండు వాక్యాలు చదివి వెళ్లిపోతున్నారు. లిఫ్టులో ఆ మొదటామె, ఆ రోజు సెల్లార్‌లో పసుపునీళ్ల మాటన్నామె, నన్ను చూసి జాలిగా, "మీరు చాన మంచోరు సార్. వాళ్ల పరువు పోవద్దని మీ మీదేస్కున్నరు" అంది. కాదమ్మా, నిజంగా సంపే అన్నాను. "సంపు నీళ్లు అందరం తాగినం గద సార్, మరి మా పిల్లలకు కాలేదు" అంది. ఫిల్టర్ల గురించి చెబుతుండగానే రెండో అంతస్తు వచ్చింది, దిగిపోయింది.

చేతబడి అని ఒక్క పూటలో రాసి పడేసింది అందరూ నమ్మారు. నాలుగుసార్లు చింపి రాసిన నిజాన్ని నమ్మేవాడు లేడు. రాజీనామా కూడా ఒప్పుకోరట. మీలా నోటీసులు ఎవరు రాస్తారు అంటున్నారు.

30 మే, ఆదివారం

కాప్రా వెళ్లాను. సుకన్య నాతో వస్తానంటే వద్దన్నాను. ఈసీఐఎల్ బస్సులో కూర్చున్నంతసేపూ ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. గడప దగ్గరకు వెళ్లేసరికి ఒక్కటీ గుర్తు లేదు.

లోవరాజు లేడు, ఆదివారం కూడా ఆఫీసట. దేవి తలుపు తీసి, నన్ను చూసి, తలుపు పట్టుకునే నిలబడింది. లోపల్నుంచి అచ్చియమ్మ, "ఎవరే దేవీ" అంది. దేవి పక్కకు తప్పుకుంది. "మాట్లాడుకోండి. నేను తలకి పోసుకోవాలి" అని స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

గదిలో ఈ మూల ఉయ్యాల, ఆ మూల గోడకానుకుని అచ్చియమ్మ. మధ్యలో బోలెడంత జాగా. చేతులు కొంగులోనే ఉన్నాయి. కూర్చోమంది, మంచినీళ్లు తీసుకోమని బిందె చూపించింది. తను ముంచి ఇవ్వలేదు.

చెప్పాను. ఉన్నదున్నట్టు. నేనే రాశానని, మీతో అబద్ధం చెప్పానని, పిల్లాడి జబ్బు నీళ్లవల్లేనని, అది నాకు తెలిసీ మీటింగులో నోరు మెదపలేదని. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఈ వయసులో పరాయి ఇంట్లో కూర్చుని ఏడ్చాను.

ఆమె ఏడవలేదు. "ఊరుకోండి బాబూ" అంది. "మావోడు అప్పుడే సెప్పేడు. మొన్న దేవిని సూసిన డాక్టరమ్మ కూడా సెప్పింది. నాకు తెలుసు బాబూ, నానేటీ సెయ్యలేదని. బుద్ధికి తెలుసు. సెయ్యి ముందుకెల్లట్లేదు."

అంతలో ఉయ్యాలలో పిల్ల లేచింది. ముందు సన్నగా మూలిగి, తర్వాత గుక్కపట్టి ఏడుపు. స్నానాలగదిలో నీళ్ల చప్పుడు, దేవికి వినబడదు. అచ్చియమ్మ సగం లేచింది. మళ్లీ కూర్చుంది. పిల్ల మొహం ఎర్రబడిపోతోంది.

"మీరెత్తుకోండి బాబూ" అంది.

"నేనా" అన్నాను.

"గుక్క తిరక్కపోతే ఎలగ. ఎత్తుకోండి."

మాకు పిల్లలు లేరు. అంత పసిగుడ్డును నేనెన్నడూ ఎత్తింది లేదు. ఉయ్యాలలోకి వంగి రెండు చేతులూ కిందికి పెట్టాను. అచ్చియమ్మ ఆ గోడ దగ్గర్నుంచే, మెడ చాచి, కళ్లు పిల్లమీదే పెట్టి, నాకు చెబుతూ ఉంది.

"మెడ కింద సెయ్యెట్టండి బాబూ, తల జారిపోద్ది. అలగ కాదు, ఇంకొంచెం పైకి. ఇప్పుడు గుండెకి ఆనించుకోండి."

ఆమె చెప్పినట్టే పట్టుకున్నాను.